గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే: పరిహారం ఎవరి నుంచి, ఎలా రాబట్టాలి

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే రోడ్డు మీద గానీ, భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద గానీ ఓ అరగంట నిలబడి చూడండి. కొబ్బరికాయల లారీ, చేపల ట్రేలు వేసుకున్న వ్యాను, ఇసుక ట్రాక్టరు, నాట్లకు వెళ్లే ఆడకూలీలను కిక్కిరిసి ఎక్కించుకున్న ఆటో, చేతులు మారి మారి అసలు ఓనరు ఎవరో తెలియని బైకు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వీటిలో ఏదైనా మిమ్మల్ని గుద్దిందనుకోండి. దానికి పాలసీ లేదని తేలగానే ఊళ్లో పదిమందీ అనే మాట ఒకటే: "ఇన్సూరెన్స్ లేదంటండి, ఇంకేం వస్తుంది?"

వస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కంపెనీ కట్టే పాలసీ) లేకుండా బండి రోడ్డెక్కించడమే నేరం. 196వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండోసారి అయితే జరిమానా 4,000. ఆ జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది, మీకు రూపాయి రాదు. మీకు రావాల్సిన పరిహారం మాత్రం అలాగే ఉంటుంది. కంపెనీ కట్టాల్సిన డబ్బు ఓనరు, డ్రైవరు నెత్తిన పడుతుంది, అంతే.

చిక్కంతా వసూలులో ఉంది. కంపెనీ మీద తీర్పు వస్తే చెక్కు వస్తుంది. మనిషి మీద తీర్పు వస్తే ఆ మనిషి దగ్గర ఏముందో వెతుక్కోవాలి. అందుకే ఇలాంటి కేసులో మొదటి రోజు నుంచీ ప్రతి అడుగూ వసూలును దృష్టిలో పెట్టుకునే వేయాలి.

1. మొదటి గంటల్లో

108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మనుషులు బతికి బయటపడితేనే మిగతావన్నీ. ఆసుపత్రికి తీసుకెళ్లిన వాళ్లను పోలీసులు సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదని చట్టంలోనే, 134ఏ సెక్షన్‌లో, రక్షణ ఉంది. "మనకెందుకు టెన్షన్" అని వెనకాడే వాళ్లకు ఆ మాట చెప్పండి.

పక్కనున్న వాళ్లలో ఒకరికి ఫొటోల పని అప్పగించండి. గుద్దిన బండి నంబరు ప్లేటు, బళ్లు ఆగిన తీరు, బ్రేకు గుర్తులు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉంటే అది కూడా పడాలి. డ్రైవరు మొహం ఫొటోలో ఉంటే ఇంకా మంచిది. తర్వాత "నడిపింది నేను కాదు, మా బావమరిది" అని లైసెన్సు ఉన్న మనిషిని తెచ్చి నిలబెట్టడం మన వైపు కొత్తేం కాదు. దగ్గర్లో పెట్రోలు బంకు, రైస్ మిల్లు, రొయ్యల మేత కొట్టు ఏది ఉన్నా సీసీ కెమెరా ఫుటేజీ అడిగి ఫోన్లోకి ఎక్కించుకోండి. చాలాచోట్ల కొద్ది రోజులకే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "బైకు మీంచి పడ్డాడు" అని చెప్పకండి. "ఫలానా నంబరు బండి గుద్దింది" అని రాయించండి. కేసు షీటులో మొదటి రోజు పడిన ఆ వాక్యాన్ని అవతలి వకీలు ముందు చదువుతాడు. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించి, పోలీసులకు సమాచారం వెళ్లిందో లేదో కనుక్కోండి.

చికిత్స ఖర్చు విషయంలో ఒక కొత్త వెసులుబాటు వచ్చింది. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం అందాలి. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా ఇది వర్తిస్తుంది, ఖర్చు ప్రత్యేక నిధి నుంచి భరిస్తారు. రిసెప్షన్‌లో "మాకు తెలియదండి" అంటే ఆరోగ్యమిత్రనో, సూపరింటెండెంటునో అడగండి. అర్హత కార్డు ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ దారి ఎలాగూ ఉంది.

మనిషి చనిపోతే చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాల్సిన మాట ఒకటుంది. "కోత కోయించొద్దు, ఇంటికి తీసుకుపోదాం" అని పెద్దవాళ్లు ఏడుస్తారు. పోస్టుమార్టం లేకపోతే ప్రమాదం వల్లే చనిపోయాడని నిరూపించడం చాలా కష్టమవుతుంది. ఆ ఇంట్లో మిగిలిన పిల్లల కోసమైనా ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి.

2. పోలీస్ స్టేషన్‌లో

ఎఫ్ఐఆర్ లేకుండా ఈ దారిలో దాదాపు ఏ తలుపూ తెరుచుకోదు. నిర్లక్ష్యంగా నడిపినందుకు భారతీయ న్యాయ సంహిత 281, గాయాలకు 125, ప్రాణం పోతే 106(1) సెక్షన్లు పెడతారు. మోటారు వాహనాల చట్టం 146, 196 సెక్షన్లు కూడా కలిపారా లేదా చూసుకోండి. ఇన్సూరెన్స్ లేదన్న సంగతి పోలీసు కాగితాల్లోనే ఉండటం ముందు ముందు పనికొస్తుంది.

ప్రమాదం ఒక స్టేషన్ పరిధిలో జరిగి మీరు చికిత్సకు కాకినాడ జీజీహెచ్‌కో, రాజమహేంద్రవరానికో వెళ్లిపోతే అక్కడే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఆసుపత్రి హడావుడిలో ఫిర్యాదు కొన్ని రోజులు ఆలస్యమైనా, అదొక్కటే కారణంగా క్లెయిమ్ పోదు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకు) మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పంపాలి. ఓనరు, డ్రైవరు, బాధితులు ఎవరి ఫారాలు వాళ్లు నింపి ఇవ్వాలి. మీ ఫారం అడక్కపోతే మీరే అడిగి తీసుకోండి. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్ నకళ్లు, తర్వాత ఛార్జిషీటు తెచ్చుకోండి. ప్రతిసారీ స్టేషన్‌కు తిరగలేని వాళ్లు ఈ పని తమ వకీలు గుమాస్తాకు అప్పగిస్తారు, అదీ మంచిదే.

3. నిజంగానే ఇన్సూరెన్స్ లేదా?

ఈ ప్రశ్నను తొందరపడి వదిలేస్తే ఎక్కువ నష్టపోయేది మీరే. "లేదు" అని డ్రైవరు చెప్పిన మాటకు విలువ లేదు. అతనికి నిజంగా తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే పాలసీ ఎప్పటి వరకు ఉందో కనిపిస్తుంది. అందులో కనిపించకపోయినా ఆగిపోకండి, రికార్డులు ఎక్కించడంలో ఆలస్యాలు ఉంటాయి. ఆర్టీవో ఆఫీసులో వివరాలు తీసి పాత పాలసీ ఏ కంపెనీదో చూసి, ఆ కంపెనీకి పాలసీ నంబరుతో లేఖ రాయండి.

చూడాల్సింది ప్రమాదం జరిగిన తేదీ, సమయం. ఉదయం 9కి ప్రమాదం జరిగి, 11కి ఆన్‌లైన్‌లో పాలసీ కొనేసి, స్టేషన్‌కు ఆ కాగితం తెచ్చిన సందర్భాలు ఉంటాయి. పాలసీ మీద మొదలైన గంట, నిమిషం ముద్రించి ఉంటాయి. అది ప్రమాదం తర్వాతి సమయమైతే కంపెనీ కట్టదు. ఎఫ్ఐఆర్‌లో ప్రమాద సమయం సరిగ్గా పడాలనడం అందుకే.

కొన్నిచోట్ల "ఇన్సూరెన్స్ చెల్లదు" అన్నది సగమే నిజం:

డ్రైవరుకు లైసెన్సు లేకపోతే చాలా కేసుల్లో ట్రిబ్యునల్ కంపెనీని ముందు బాధితుడికి కట్టమని, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని చెబుతుంది. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు వేసిన బాట అది. లైసెన్సు లేని కుర్రాడు గుద్దినా బండికి పాలసీ ఉంటే మీకు మంచి రోజులే అనుకోండి.

బండి చేతులు మారినా పాలసీ పోదు. అమ్మిన వాడి పేరున ఉన్న థర్డ్ పార్టీ పాలసీ కొన్నవాడికి బదిలీ అయినట్టే చట్టం భావిస్తుంది. ప్రీమియం చెక్కు బౌన్స్ అయినా, ప్రమాదానికి ముందే పాలసీ రద్దు చేసి ఓనరుకు తెలియజేసి ఉంటే తప్ప కంపెనీ తప్పించుకోవడం కష్టం.

ఆటోలో అనుమతికి మించి ఎక్కించారనుకోండి. పాలసీలో ఉన్నంతమందికి కంపెనీ బాధ్యత ఉంటుంది, మిగతా భారం ఓనరుది. నాట్ల రోజుల్లో మన ఆటోల సంగతి మీకు తెలిసిందే కదా.

ట్రాక్టరు తొట్టిలో కూర్చుని వెళ్లిన వాళ్ల పరిస్థితి మాత్రం నిజంగా ఇబ్బందే. పొలం పనికని తీసుకున్న పాలసీ, తొట్టికి వేరే పాలసీ లేకపోవడం, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం, ఈ మూడూ కలిస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆ కూలీ ట్రాక్టరు ఓనరు దగ్గరే పనిచేస్తున్నవాడైతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద కార్మిక శాఖ దగ్గరకు వెళ్లే మార్గం ఉంది. మోటారు చట్టం, ఈ చట్టం రెండిటిలో ఒకటే ఎంచుకోవాలి.

ఆర్టీసీ బస్సు గుద్దితే పాలసీ లేదని కంగారు పడొద్దు. ప్రభుత్వ బళ్లకూ, సొంత నిధి పెట్టుకున్న రాష్ట్ర రవాణా సంస్థలకూ చట్టమే మినహాయింపు ఇచ్చింది, సంస్థే కడుతుంది. ఇక రిజిస్ట్రేషన్ అక్కర్లేని, గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బ్యాటరీ స్కూటర్లు ఈ చట్టం దృష్టిలో మోటారు వాహనాలే కావు. అలాంటిది గుద్దితే ట్రిబ్యునల్ కాదు, మామూలు సివిల్ దావా వేసుకోవాలి.

4. రెండో బండి పాలసీని మరిచిపోవద్దు

మీరు ఆటోలో వెళ్తున్నారు. ఆటోకు పాలసీ ఉంది. ఎదురుగా వచ్చిన పాలసీ లేని వ్యాను గుద్దింది. తప్పు ఇద్దరు డ్రైవర్లదీ కొంత కొంత ఉందనుకుందాం. అప్పుడు ఆటో కంపెనీ నుంచే మొత్తం పరిహారం అడిగే హక్కు ప్రయాణికుడిగా మీకుంది. ఖెన్యే కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బాధితుడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా పూర్తిగా తీసుకోవచ్చు, వాటాలు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

అలాగని లేని తప్పును ఆటోవాలా మీద రుద్దమని కాదు. మలుపులో వేగంగా వచ్చాడా, లైట్లు వేశాడా, రోడ్డు మధ్యకు జరిగాడా, ఇవన్నీ మీ వాంగ్మూలంలో ఉన్నవి ఉన్నట్టు రావాలి. తెలిసిన ఆటో అబ్బాయి కదా అని "మావాడి తప్పేమీ లేదు" అనేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఎలాగూ కట్టేది కంపెనీ, ఆ అబ్బాయి కాదు.

5. స్టేషన్ ఆవరణలో ఉన్న బండి

పాలసీ లేదని ఖాయమైపోయాక మీ చేతిలో మిగిలే పెద్ద ఆధారం ఆ బండే. దానిమీదే ఓనరుకు టెన్షన్. సీజన్లో లారీ, ట్రాక్టరు ఆగిపోతే రోజూ నష్టం. అందుకే రెండో రోజునుంచే విడిపించుకునే ప్రయత్నం మొదలవుతుంది.

2022 నిబంధనలు ఇక్కడ మీ వైపున ఉన్నాయి. మనిషి చనిపోయిన, గాయపడిన, లేదా ఆస్తి దెబ్బతిన్న ప్రమాదంలో ఉన్న బండికి రిజిస్టర్డ్ ఓనరు పేరున థర్డ్ పార్టీ పాలసీ లేకపోతే, పరిహారానికి సరిపడా పూచీ కోర్టుకు ఇచ్చేదాకా దాన్ని విడుదల చేయకూడదు. పూచీ ఇవ్వకపోతే, పోలీసులు స్వాధీనం చేసుకున్న 3 నెలల తర్వాత మేజిస్ట్రేటు వేలం వేయించి, వచ్చిన సొమ్మును ట్రిబ్యునల్‌లో జమ చేయించాలి. ఇలాంటి నియమం అన్ని రాష్ట్రాల్లో ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

కాగితం మీద ఇంత బలంగా ఉన్నా, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మామూలు వ్యక్తిగత బాండుతో బండి బయటికొచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి ఈ మూడు పనులు మొదటి వారంలోనే చేయండి.

మొదటిది, దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా "ఈ వాహనానికి పాలసీ లేదు, పూచీ లేకుండా విడుదల చేయవద్దు" అని ఇచ్చి రసీదు తీసుకోవడం. రెండోది, ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టులో మీ వకీలు ద్వారా విడుదల పిటిషన్ మీద అభ్యంతరం దాఖలు చేయడం. ప్రభుత్వ న్యాయవాదికి కూడా చెప్పి పెట్టండి. మూడోది, పూచీ ఎంత అన్నది జడ్జిగారు నిర్ణయించేటప్పుడు మీ ఆసుపత్రి బిల్లులు, డాక్టరు అంచనా ఆయన ముందుండేలా చూడటం. 60,000 చేసే పాత బైకైతే దాని వేలం మీ బిల్లులకు కూడా సరిపోదు. కానీ 6 లక్షల ట్రాక్టరు విషయం వేరు. అక్కడ బ్యాంకు గ్యారంటీ గానీ, భూమి కాగితాల మీద పూచీ గానీ అడగడం సబబే. బండి ఫైనాన్సులో ఉంటే ఫైనాన్స్ కంపెనీ కూడా పోటీకి వస్తుందని గుర్తుంచుకోండి.

6. పెద్దమనుషుల దగ్గర రాజీ

ఆసుపత్రి వరండాలోనే మొదలవుతుంది. ఓనరు తరఫున ఊళ్లో పలుకుబడి ఉన్నాయన వచ్చి, "కేసులెందుకండీ బాబాయ్ గారూ, ఆసుపత్రి ఖర్చంతా మావాళ్లు పెట్టుకుంటారుగా. కుర్రాడికి వచ్చే నెల పెళ్లండి, పేరు పాడైపోద్ది" అంటాడు. ఆయన మాటలో మర్యాద నిజమే కావచ్చు. చేతిలో 50,000 పెడతారు, స్టాంపు పేపరు మీద సంతకం అడుగుతారు.

డబ్బు తీసుకోండి, తప్పులేదు. ఆసుపత్రికి అవసరం కదా. కానీ "మధ్యంతరంగా వైద్య ఖర్చుల నిమిత్తం" అని రాయించి తీసుకోండి. "ఇకమీదట ఎలాంటి క్లెయిమూ చేయము" అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. కాలు ఎముక అతుక్కుందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. ఇనుప రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఉంటుంది. ఆ ఖర్చు తెలియకముందే లెక్క తేల్చుకోవడం ఓనరుకే లాభం. ప్రాణం పోయిన కేసులో క్రిమినల్ కేసు స్టాంపు పేపరుతో ఆగదు కూడా.

రాజీ నిజంగా మేలనిపిస్తే, అంటే ఓనరుకు పెద్దగా ఆస్తి లేదు, ఇచ్చేది మాత్రం వెంటనే ఇస్తానంటున్నాడు అనుకుంటే, దాన్ని లోక్ అదాలత్‌లో రాయించుకోండి. కోర్టు డిక్రీతో సమానమైన విలువ దానికుంటుంది, కట్టకపోతే నేరుగా అమలుకు వెళ్లవచ్చు. దానిపై అప్పీలు ఉండదు కాబట్టి అంకె విషయంలో తొందరపడొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, మండల న్యాయ సేవల కమిటీ దగ్గర దీనికి ఖర్చు లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును కూడా ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

7. మీ సొంత పాలసీలు తిరగేయండి

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతుంటారు, అక్కడ ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే తమ పాలసీయే ఇచ్చే కవర్ ఒకటుందని. మన మోటారు పాలసీల్లో ఆ పేరుతో ఏదీ ఉండదు. ఉన్నవి వేరే.

బండి ఓనరే నడుపుతూ చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా, సరైన లైసెన్సు ఉంటే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ వర్తిస్తుంది. పాలసీలో ఆ ప్రీమియం కట్టారో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంటే ప్రాణం పోతే, పూర్తి వైకల్యమైతే 2 లక్షలు, పాక్షిక వైకల్యానికి 1 లక్ష. ఏటీఎం కార్డుకు, డ్వాక్రా రుణానికి తోడు వచ్చే ప్రమాద బీమా ఏదైనా ఉందా అని బ్యాంకులో అడగండి. పాస్‌బుక్ ఎంట్రీలు ఒకసారి వరసగా చూస్తే చాలావరకు బయటపడతాయి.

కేవలం కారు బానెట్, బంపరు పోయి మనుషులకు ఏమీ కాలేదంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. సమగ్ర పాలసీ ఉంటే వెంటనే కంపెనీకి చెప్పి, సర్వేయరు చూశాకే రిపేరు చేయించండి. నష్టం చిన్నదైతే నో క్లెయిమ్ బోనస్ పోవడం కన్నా ఓనరు దగ్గర రిపేరు బిల్లు తీసుకోవడమే లాభం. కంపెనీ ఇవ్వని నష్టాన్ని ట్రిబ్యునల్‌లోనూ అడగవచ్చు.

8. ట్రిబ్యునల్‌లో పిటిషన్

మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ అంటే జిల్లా జడ్జి కోర్టే. అమలాపురం, భీమవరం లాంటి చోట్ల అదనపు జిల్లా కోర్టులు ఈ పని చూస్తాయి. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే చోట గానీ, అవతలి వాళ్లు ఉండే చోట గానీ వేయవచ్చు. విశాఖ దగ్గర ప్రమాదం జరిగినా రాజోలు మనిషి తన దగ్గరి కోర్టుకే వెళ్లవచ్చన్నమాట.

గడువు ప్రమాదం తేదీ నుంచి 6 నెలలు. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుంది, దాని పేరుతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, 6 నెలల్లోపే వేసేయండి.

ప్రతివాదులుగా డ్రైవరును, రిజిస్టర్డ్ ఓనరును, బండి నిజంగా ఎవరి దగ్గరుందో వాళ్లను, ఏ కంపెనీ పాలసీ ఉండే అవకాశం కొంచెం ఉన్నా ఆ కంపెనీని చేర్చండి. "ఎప్పుడో అమ్మేశానండి" అని ఓనరు అంటాడు. ఆర్సీలో పేరు మారకపోతే బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బండి నడిపింది మైనరైతే 199ఏ సెక్షన్ తల్లిదండ్రుల మీదికీ, ఓనరు మీదికీ వస్తుంది.

రెండు దారులున్నాయి. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేదు, కానీ మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు మాత్రమే. 166 కింద తప్పు చూపించాలి, దానికి పరిమితి లేదు. రెండూ కలిపి రావు కాబట్టి ముందు లెక్కేసుకోండి.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. అంబాజీపేట వైపు కొబ్బరి దింపు తీసే ఆయన, వయసు 38, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. 40 లోపు వయసున్న స్వయం ఉపాధి మనిషికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 21,000. ఏడాదికి 2,52,000. 36 నుంచి 40 వయసుకు గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 15. మొత్తం 37,80,000. ఇప్పుడు ఆయన కాలికి మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం రాసింది. ఆ అంకెనే పట్టుకుంటే వచ్చేది 11,34,000. కానీ చెట్టెక్కలేని దింపు మనిషికి సంపాదన పోయింది 30 శాతమేనా? ట్రిబ్యునల్ చూడాల్సింది ఆ వృత్తికి కలిగిన నష్టాన్ని. అది 60 శాతం అని ఒప్పిస్తే 22,68,000 అవుతుంది. అందుకే సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును సాక్షిగా పిలిపించి "ఈయన ఇక చెట్టు ఎక్కగలడా?" అని అడిగించాలి. చాలా కేసుల్లో ఆ ఒక్క ప్రశ్న అడగక సగం డబ్బు పోతుంది.

అదే మనిషి చనిపోయి భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉంటే, సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేసి 28,35,000. అంత్యక్రియలు, కుటుంబానికి తోడు పోవడం వంటివాటికి కొంత కలుస్తుంది. ఆసుపత్రి ఖర్చు, వడ్డీ వేరు.

ఆదాయానికి రుజువే మన దగ్గర పెద్ద లోటు. కౌలు రైతైతే కౌలు గుర్తింపు కార్డు, ధాన్యం అమ్మిన రసీదులు. చెరువుల దగ్గర పనిచేస్తే మేత కొట్టు ఖాతా, జీతం చీటీలు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన వాళ్లైతే పాస్‌పోర్టు, వీసా, ఇంటికి పంపిన డబ్బు రసీదులు. ఏదీ లేకపోతే ఆయనతో పని చేయించుకున్న తోట రైతును సాక్ష్యానికి తీసుకెళ్లండి. హెల్మెట్ లేదని, ముగ్గురెక్కారని పరిహారం తగ్గించమని అవతలి వకీలు అడుగుతాడు, దానికీ సిద్ధంగా ఉండండి.

ఆసుపత్రుల దగ్గర తిరిగే బ్రోకర్లు "మీరు పైసా పెట్టొద్దు, వచ్చిన దాంట్లో 30 శాతం ఇవ్వండి" అంటారు. గెలుపులో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం వకీళ్ల వృత్తి నియమాలకే విరుద్ధం. ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు ఇవ్వొద్దు.

9. బండి ఏదో తెలియకపోతే

గుద్ది వెళ్లిపోయిన బండి దొరక్కపోతే, 161వ సెక్షన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 వస్తాయి. దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టరు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం లేదా గాయాల సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జత చేయండి. బండి ఎవరిదో తెలిసి, దానికి పాలసీ మాత్రమే లేకపోతే ఈ పథకం వర్తించదు. ఈ రెండూ కలిపేసుకుని నెలలు పోగొట్టుకునేవాళ్లున్నారు. తర్వాత బండి దొరికి పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి సర్దుబాటు అవుతుంది.

10. ఓనరు దగ్గర వసూలు

ఈ పని తీర్పు వచ్చాక కాదు, పిటిషన్ వేసిన రోజే మొదలుపెట్టండి. ఓనరు ఊరి పేరుతో మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ, అడంగల్ చూడండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించండి. నోటీసు అందగానే ఎకరం పొలం తమ్ముడి పేరున గిఫ్టు రాసేయడం జరిగే పనే. అలాంటి సూచనలు కనిపిస్తే తీర్పుకు ముందే ఆస్తి జప్తు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డర్ 5వ రూలు కింద అడగవచ్చు. "అమ్మేస్తాడేమోనని భయం" అంటే చాలదు. అమ్మకానికి పెట్టాడనో, బేరం నడుస్తోందనో ఆధారం చూపించాలి. పరిహారం ఎగ్గొట్టడానికే చేసిన బదిలీని తర్వాతైనా సవాలు చేసే వీలుంది.

అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వచ్చాక కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, భూమి శిస్తు బకాయిలాగే రెవెన్యూ వాళ్లు వసూలు చేస్తారు. ఈ దారి గురించి చాలామంది అడగరు. మీరు దరఖాస్తు పెట్టి, తహసీల్దారు ఆఫీసులో ఆ ఫైలు ఎక్కడుందో వెంటపడాలి. రెండో దారి ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే తీర్పును అమలు చేయించమని వేసే దరఖాస్తు. 2019 సవరణతో ట్రిబ్యునల్‌కే సివిల్ కోర్టు అమలు అధికారాలన్నీ వచ్చాయి. భూమి, బ్యాంకు ఖాతా, జీతంలో కొంత భాగం, ఇంకో బండి ఉంటే అది, ఏదైనా జప్తుకు అడగవచ్చు. రైతు కాపురముంటున్న ఇల్లు, వ్యవసాయ పనిముట్లు జప్తుకు రావు, పొలానికి ఆ మినహాయింపు లేదు. ఓనరు మధ్యలో చనిపోతే వారసులను చేర్చండి, ఆయన ఆస్తి వాళ్లకు ఎంత వచ్చిందో అంతవరకు బాధ్యత ఉంటుంది.

ఓనరు హైకోర్టుకు అప్పీలు వెళ్తానంటాడు. వెళ్లనివ్వండి. 90 రోజుల్లో వేయాలి, వేసేటప్పుడు 25,000 గానీ, అవార్డులో సగం గానీ, ఏది తక్కువైతే అది కోర్టులో కట్టాలి. అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు, స్టే తెచ్చుకోవాలి. స్టే ఇచ్చేటప్పుడు కొంత సొమ్ము డిపాజిట్ చేయమని కోర్టు షరతు పెడితే, దాన్ని తీసుకోవడానికి మీ వకీలు చేత వెంటనే దరఖాస్తు వేయించండి.